షెడ్డు ఖాళీ చేసే ముందు అడిగే ప్రశ్నలు

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం, నా బిడ్డను ఎవరైనా లెక్కలో వేసుకోవడం. పామన్నా, పిడుగన్నా నాకు అంత భయం లేదు. నవ్వొస్తే నవ్వుకోండి. నేను పనిచేసిన చోట మీరూ పనిచేసి ఉంటే నవ్వు రాదు.

మాది కోడిపిల్లల హేచరీ. గుడ్లు పెట్టే జాతి పిల్లలు. ట్రేల నిండా గుడ్లు యంత్రాల్లోకి వెళ్తాయి, మూడు వారాలకు పసుపుపచ్చటి ముద్దలై కిచకిచమంటూ బయటికొస్తాయి. బల్లకు అవతలివైపు కూర్చున్నవాళ్ళు ఒక్కొక్క పిల్ల రెక్క విప్పి చూసి ఆడదో మగదో తేలుస్తారు. ఆడదైతే మావైపు జారుతుంది. మేం వరసగా కూర్చుని, మెడ వెనక చర్మం రెండు వేళ్ళతో పైకి లాగి టీకా వేస్తాం. మందు నీలంగా ఉంటుంది, పడిందో లేదో తెలియడానికి. సాయంత్రానికి మా వేళ్ళూ నీలమే. మగదైతే అటు నుంచి అటే సంచిలోకి పోతుంది. గుడ్డు పెట్టని దాన్ని ఎవరు మేపుతారు? ఆ సంచి ఎక్కడికి పోతుందని కొత్తగా చేరినవాళ్ళు ఒక్కసారి అడుగుతారు. రెండోసారి అడగరు.

కాబట్టి సూదిని చూసి బెదిరే రకాన్ని కాదు నేను. సూది కంటే ముందు వచ్చే ప్రశ్నలంటేనే నాకు బెదురు.

ఒక చలికాలంలో మా పక్కనున్న పెద్దకోళ్ళ షెడ్లకు రోగం తగిలింది. ఇద్దరు మనుషులొచ్చారు. ఎంత మర్యాదో చెప్పలేను. ఈ షెడ్డులో ఎన్ని ఉన్నాయమ్మా? వయసెంత? ఆడవా, మగవా? ఎక్కడినుంచి తెచ్చారు? ఈమధ్య ఎన్ని చచ్చాయి? మేమే ఒకరిమీద ఒకరం పడి చెప్పాం, మందేదో ఇస్తారు కాబోలని. ఆ వారం తిరక్కుండానే తలనుంచి కాలిదాకా తెల్లటి బట్టలు తొడుక్కున్న వాళ్ళు దిగారు. వేరే చోటనుంచి తెచ్చిన కోళ్ళున్న షెడ్డు ముందు, మిగతావి తర్వాత. పొద్దు వాలేసరికి ఒక్క ఈక మిగల్లేదు. మర్నాడు ఆ షెడ్ల మీదుగా గాలి వీస్తుంటే, ఖాళీ డబ్బాలో ఊదినట్టు చప్పుడొచ్చింది.

ఆ తర్వాత వచ్చిన ఎండాకాలం సంగతి ఇది.

మేం హేచరీ వెనక వరస గదుల్లో ఉండేవాళ్ళం. రేకుల కప్పు, అందరికీ కలిపి పొడుగాటి వసారా, కొసన ఒక కుళాయి. గదికో కుటుంబం. ఎవరమూ ఆ చోటివాళ్ళం కాదు, తలా ఒక దిక్కునుంచి పనికోసం వచ్చినవాళ్ళమే. మా గదిలో నేనూ, యంత్రాల దగ్గర వేడి చూసుకునే మా ఆయనా, అత్తయ్యా, ఏడాదిన్నర వయసున్న మా చిన్నదీ. పక్క గదిలో పుర్రచేతి వదిన. ఎడమచేత్తో సూది వేస్తుంది కాబట్టి మోచెయ్యి ఎవరికీ తగలకుండా బల్ల చివర కూర్చోబెట్టేవాళ్ళు. అక్కడినుంచే బల్లంతా నవ్వించేది. వాళ్ళాయన పిల్లల పెట్టెలు ఫారాలకు చేర్చే వ్యాను నడిపేవాడు. వాళ్ళకు ఒక్కడే కొడుకు. మూడో ఏడు.

ఒకరోజు మధ్యాహ్నం నల్లగొడుగు వేసుకుని ఒక నర్సమ్మ, ఆవిడ వెనకాల రాసుకునే అమ్మాయి మా వసారా ఎక్కారు. చిన్నది నా ఒళ్ళో పాలు తాగుతూ నిద్రలోకి జారుకుంటోంది. గొడుగు నీడ గుమ్మంలో పడగానే దాన్ని లోపల పడుకోబెట్టి, తలుపు ఓరగా వేసి బయటికొచ్చాను. అత్తయ్య గడపమీంచి కదల్లేదు.

"ఇంట్లో ఎంతమంది పెద్దమ్మా?" అంది నర్సమ్మ.

"ఉన్నవాళ్ళు ఉన్నాం."

"మీ వయసెంత?"

"నేను పుట్టిన సంగతి నన్నడిగితే ఎట్లా తల్లీ? అప్పటికి నేను చాలా చిన్నదాన్ని."

రాసుకునే అమ్మాయికి నవ్వాగలేదు. నర్సమ్మ కూడా కాస్త నవ్వి, "ఏమైనా చదువుకున్నారా?" అంది.

"చదువుకుని ఉంటే నువ్వు నిలబడ్డచోట నేను నిలబడి నిన్నే అడిగేదాన్ని."

"ఎక్కడినుంచి వచ్చారు? ఇక్కడికొచ్చి ఎన్నాళ్ళయింది? పిల్లల్ని ఎంతమందిని కన్నారు?"

"ఒక్కణ్ణి. యంత్రాల దగ్గర ఉన్నాడు. మీసాలొచ్చాయి. వాడిక్కూడా వేస్తావా టీకా?"

"ఇంట్లో చిన్నపిల్లలెవరైనా జబ్బుచేసి పోవడం లాంటిది..."

అత్తయ్య ఒళ్ళోని చేట పక్కన పెట్టింది. మళ్ళీ తీసుకుంది. "లేదు," అంది.

ఎంతమంది, వయసెంత, ఎక్కడినుంచి, ఎన్ని పోయాయి. ఇవన్నీ నేను చలికాలంలో విన్నవే. చదువు సంగతి ఒక్కటే కొత్త. కోళ్ళను అదొక్కటీ అడగలేదు.

"మీకమ్మా? పిల్లలు?" అంది నర్సమ్మ నావైపు తిరిగి.

"లేరు."

ఆవిడ చూపు నా భుజం మీదుగా తాడుమీదికి వెళ్ళింది. "మరి ఆ గౌనెవరిది?"

నేను తాడుకు అడ్డంగా జరిగాను. అత్తయ్య మాత్రం తల కూడా ఎత్తలేదు. "నాదే. ఉతికితే ముడుచుకుపోయింది."

ఈసారి నర్సమ్మ నవ్వలేదు. నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, "త్వరలో తట్టు టీకాలు తెస్తాం. ఎవరికైనా పిల్లలుంటే చెప్పండి," అని పక్క గుమ్మానికి నడిచింది.

అక్కడ పుర్రచేతి వదిన అప్పటికే పీట వేసి సిద్ధంగా ఉంది. అడిగినవీ చెప్పింది, అడగనివీ చెప్పింది. వాళ్ళమ్మగారి ఊరు, తను ఐదో క్లాసుతో మానేసిన సంగతి, ఆయనకు ఎండ పడకపోవడం, అన్నీ. "ఒక్కడేనండీ, మగపిల్లాడు. వీధి వీధంతా వాడిదే. ఒరేయ్, ఇటు రా, నర్సమ్మగారికి కనబడు!" గోడ ఇవతల నేను నిద్రపోతున్న చిన్నదాని పక్కన కూర్చుని, అది లేచి ఏడుస్తుందేమోనని దాని నోటికి దగ్గరగా అరచెయ్యి పెట్టుకుని ఉన్నాను.

మర్నాడు బల్ల దగ్గర ఇక వేరే మాట లేదు.

బల్లకంతటికీ పెద్దది ఒకావిడ ఉండేది. పెద్దక్క అనేవాళ్ళం. చేతిలో సూది ఆడుతూనే ఉంటుంది, నోరూ ఆడుతూనే ఉంటుంది. "నన్నూ అడిగారు. నీ మనవడికి ఏ టీకాలు వేయించావు, వేయించకపోతే ఎందుకు వేయించలేదు, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది అని. నా మాటే చెల్లుతుంది, నీకేం కావాలి అన్నాను. మొహం మాడ్చుకుంది."

"అది ఊరికే తెలుసుకోవడానికి పెద్దక్కా," అంది పదో క్లాసు చదివిన ఒకమ్మాయి. పెళ్ళి కాలేదు. మేం దాన్ని టెన్తమ్మాయి అని ఏడిపించేవాళ్ళం. "ఎవరు వేయించుకుంటున్నారు, ఎవరు వేయించుకోవట్లేదు, వయసునుబట్టా, చదువునుబట్టా అని చూస్తారంతే."

"చూసి ఏం చేస్తారు?"

"తెలుసుకుంటారు."

"తెలుసుకుని?"

పెద్దక్క ఇంకో పిల్ల మెడ పట్టుకుంటూ అందుకుంది.

"నీకేమే, పిల్లా లేదు పీచూ లేదు. ఎన్నయినా చెప్తావు. సూపర్‌వైజరుకు ఇద్దరు పిల్లలున్నారు కదా, వాళ్ళింటికెళ్ళి అడిగారా ఎన్ని పోయాయని? అవతల రోడ్డుమీద మేడలున్నాయి, ఆ గుమ్మాలు ఎక్కారా? సరాసరి మన వరసకే దిగారు. బయటినుంచి వచ్చినవాళ్ళం, చదువులేనివాళ్ళం. మొన్న చలికాలంలో కూడా ఏ షెడ్డుతో మొదలుపెట్టారు?"

అందరికీ తెలుసు ఏ షెడ్డుతో మొదలుపెట్టారో.

"నేను మాత్రం అన్నీ చెప్పేశానమ్మా," అంది పుర్రచేతి వదిన చివరినుంచి. "మంచినీళ్ళు కూడా ఇచ్చాను. నన్ను ముందు తీసుకుపోతారేమో, నా సీటు ఎవరిక్కావాలో చెప్పండి, రాసిస్తాను."

రెండు మూడు గొంతులు నవ్వాయి. పెద్దక్క మాత్రం నవ్వలేదు. "మగపిల్లాడనీ చెప్పావా?" అంది.

అదే సమయంలో అవతలివైపు కూర్చున్నవాళ్ళు ఒక పిల్లను సంచిలో వేశారు. రోజంతా వినే చప్పుడే అది. మెత్తగా, తడిబట్ట పడ్డట్టు ఉంటుంది. ఎవరం పట్టించుకోం. ఆ రోజు మాత్రం బల్లమీద అందరి చేతులూ ఒక్కసారి ఆగాయి.

"మనుషుల్నీ కోళ్ళనూ ఒకే గాటన కడతావేంటి పెద్దక్కా," అని వదిన నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. తర్వాత ఆమె చేతిలోని పిల్ల చాలాసేపు కిచకిచమంటూనే ఉంది. టీకా వేయడం మర్చిపోయి ఊరికే పట్టుకుని కూర్చుంది.

ఆ సాయంత్రం నుంచి చిన్నదాన్ని గుమ్మం దాటనివ్వలేదు మేము. ఆ రేకుల కింద, తలుపు మూసి, తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తూ. దాని బట్టలు లోపలే ఆరేసేవాళ్ళం. కాస్త గట్టిగా నవ్వినా అత్తయ్య "ఉష్" అనేది. ఏడాదిన్నర పిల్లకు నవ్వొద్దని ఎలా చెప్తాం? అది ఆటనుకుని, తనూ వేలు పెదవులమీద పెట్టుకుని "ఉష్" అనడం నేర్చుకుంది. మా ఆయన ఒకసారి, "ఎన్నాళ్ళే ఇలా?" అన్నాడు. "మీ అమ్మనడుగు," అన్నాను. "అమ్మ ఎలా అంటే అలా," అని అటు తిరిగి పడుకున్నాడు. ఏం అడిగినా ఆయన జవాబు అదే.

నాకు నర్సమ్మ మీద ఒక్కదాని మీదే కాదు, అందరిమీదా అనుమానం పట్టుకుంది. కుళాయి దగ్గర ఎవరు ఎవరితో గుసగుసలాడినా మా చిన్నదాని గురించేమోననిపించేది. టెన్తమ్మాయి ఒకసారి, "అక్కా, పాపకు వేయించు, మా అక్క పిల్లలందరికీ వేయించింది, బానే ఉన్నారు," అని మెల్లగా చెప్తే, నా బిడ్డ సంగతి దీనికెందుకు, ఎవరు పురమాయించారు అనుకున్నాను. ఆ పిల్ల చెప్పింది మంచిమాటే. కానీ మంచిగా మాట్లాడినవాళ్ళ చేతిలోనే కదా చలికాలంలో షెడ్లు ఖాళీ అయ్యాయి.

అప్పుడు మా వరసలోనే ఉండే హేచరీ వాచ్‌మన్ చిన్నకూతురికి జ్వరం తగిలింది.

ముందు దగ్గు. కుక్క మొరిగినట్టు, గదులన్నిటికీ వినబడేది. తర్వాత కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారాయి. తర్వాత చెవుల వెనకనుంచి మొదలై మొహం, మెడ, ఒళ్ళంతా ఎర్రగా పేలింది. వాచ్‌మన్ భార్యకు ఐదుగురు. మిగతా నలుగుర్నీ పక్క గదుల్లో దాచమని చేతులు పట్టుకుని అడిగింది. ఎవరూ తలుపు తీయలేదు. నేనూ తీయలేదు.

తట్టేనని పెద్దక్క తేల్చేసింది. అంతటితో ఆగలేదు. "ఇప్పుడొస్తారు చూడండి టీకా పట్టుకుని. మంద మంచిగా ఉన్నప్పుడు రారు, రోగం దిగాక వస్తారు. రోగమున్న మందకు టీకా వేస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. అది మా పనిలో మొదటి పాఠం. ముక్కు కారుతున్న పిల్లలుంటే ఆ ట్రేకు సూది తగలనివ్వరు. ఒంట్లో రోగం, పైనుంచి మందు. రెంటినీ తట్టుకోలేక ట్రేకు ట్రే తెల్లారేసరికి పడిపోతుంది. నా కళ్ళతో నేను చూశాను. అందుకని పెద్దక్క మాటలో నాకు తప్పేమీ కనబడలేదు. పైగా ఆ వారంలోనే నర్సమ్మ ఐసుపెట్టె భుజాన వేసుకుని వసారా ఎక్కింది. చలికాలంలోనూ అంతే కదా, రోగం ముందు, మనుషులు తర్వాత.

నర్సమ్మ ఒక్కొక్క తలుపూ తట్టుకుంటూ వెళ్ళింది. అంత ఎండలో గదులన్నీ గడియలు పెట్టుకుని ఊపిరి బిగబట్టాయి. మా ఆయన లేడు. నేనూ అత్తయ్యా చిన్నదాన్ని మధ్యలో పెట్టుకుని నేలమీద కూర్చున్నాం. "అమ్మా, ఒక్కసారి తలుపు తీయండి. పిల్లలకు మంచిది," అంటోంది బయట. చిన్నది పెదవులమీద వేలు పెట్టుకుని, నాకేసి చూసి, "ఉష్," అంది.

ఆ చప్పుడు బయటికి వినబడే ఉంటుంది. గొడుగు నీడ తలుపు కింద సందులో చాలాసేపు అలాగే ఉండి, తర్వాత కదిలింది.

ఆవిడ వెళ్ళాక పుర్రచేతి వదిన గోడకవతలినుంచి పిలిచింది. మా రెండు గదుల మధ్య గోడ పైదాకా ఉండదు, రేకుల కింద జానెడు ఖాళీ ఉంటుంది.

"వదినా, ఉన్నావా?"

"ఉన్నా."

"మావాడు మొన్నటిదాకా ఆ వాచ్‌మన్ పిల్లతోనే ఆడాడు. ఒకే చెంబుతో నీళ్ళు పోసుకున్నారు."

"జ్వరమేమైనా ఉందా?"

"లేదు. బానే ఉన్నాడు." మళ్ళీ తనే, "నర్సమ్మ మా తలుపు దగ్గరకొచ్చి వాణ్ణి పేరు పెట్టి పిలిచింది వదినా. పేరు కూడా నేనే చెప్పాను. నీకున్న తెలివి నాకు లేకపోయింది. నువ్వు లేరన్నావు, అయిపోయింది. నేను పీట వేసి మరీ చెప్పాను," అంది.

ఏం కాదులే అందామనుకున్నాను. ఏం కాదని నాకే తెలియనప్పుడు ఎలా అంటాను? చివరికి, "పడుకో వదినా, ఎండగా ఉంది," అన్నాను.

తెల్లవారి లేచేసరికి ఆ గది తలుపు బార్లా తీసి ఉంది. గిన్నెలు లేవు, చాప లేదు. పిల్లల పెట్టెలతోపాటు వ్యానులో వెళ్ళిపోయారని వాచ్‌మన్ చెప్పాడు. పెట్టెల మధ్య పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుందట. వ్యానును ఎక్కడో వదిలేసి, ఫలానాచోట ఉంది, తెచ్చుకోండి అని వాళ్ళాయన సూపర్‌వైజరుకు ఫోను చేశాడు. ఆ తర్వాత ఆ నంబరు మోగలేదు.

నర్సమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి రాసుకునే అమ్మాయి లేదు. ఆవిడ ఒక్కతే, పెట్టె ఒక్కటే. తలుపు తట్టలేదు. మా వసారా మెట్టుమీద కూలబడి, చెప్పులు విడిచి, పాదాలు నొక్కుకుంది. అత్తయ్య గడపమీద, మా ఆయన లోపల గోడకానుకుని. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"పక్క గదిలో మూడేళ్ళ బాబుండాలి. తాళమైనా లేదేం? ఎక్కడికెళ్ళారు?" అంది.

"తెలీదు."

"ఆ బాబుకు తొందరగా వేయాల్సింది. వాచ్‌మన్ పాపతో కలిసి ఆడాడట, వాళ్ళమ్మ చెప్పింది." ఎవరికో చెప్పినట్టు అనుకుంది.

నాకు ఒళ్ళు మండింది. "రోగమున్న మందకు టీకా వేస్తే మంద పోదా?" అన్నాను.

"మందేంటమ్మా?"

చెప్పాను. ట్రే సంగతి, చలికాలం సంగతి, అడిగిన ప్రశ్నలు, తెల్లబట్టలు, మగపిల్లల సంచి. చెప్తుంటే నా గొంతు నాకే పెద్దగా వినబడింది. ఆవిడ మధ్యలో ఒక్కసారీ అడ్డురాలేదు. అంతా విని, కొంగకాళ్ళలా ముందుకు చాపిన కాళ్ళు వెనక్కి ముడుచుకుని, "ఇదా," అంది. "ఇదా మీరు అనుకుంటున్నది."

"కాదా?"

"కోళ్ళ సంగతి నాకు తెలీదు తల్లీ. పిల్లలకు మాత్రం వేరు. తట్టు పక్కకొచ్చినప్పుడే తొందరగా వేయాలి. అంటుకున్న రెండుమూడు రోజుల్లోపు వేసినా ఆగొచ్చు. తర్వాతైతే నేనేం చెప్పలేను."

"మరి ఆ ప్రశ్నలెందుకు?"

"ఎలాంటి ఇళ్ళల్లో పిల్లలు టీకా లేకుండా మిగిలిపోతున్నారో తెలిస్తే ఆ ఇళ్ళకు ముందు వెళ్ళొచ్చని. పైవాళ్ళు అడగమన్నారు, అడిగాం. ఎందుకో మీకు ముందు చెప్పాల్సింది. చెప్పలేదు."

"వేస్తే జ్వరమొస్తుందా?"

"రావచ్చు. కొందరికి కాస్త పేలుతుంది కూడా. తగ్గిపోతుంది."

"ఖాయంగా తగ్గుతుందా?"

ఆవిడ వెంటనే అవుననలేదు. "నేను చూసినవాళ్ళందరికీ తగ్గింది," అంది. అవునని ఉంటే నమ్మేదాన్ని కాదు. అలా అన్నా నాకు నమ్మకం కుదిరిందని కాదు. పెట్టె తెరిచి చూపించమన్నాను. చూపించింది. ఐసు ఉంది. సీసా ఉంది. సీసాను చూస్తే ఏం తెలుస్తుంది?

"ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది?" అంది నర్సమ్మ అలసటగా.

మా ఆయన లోపలినుంచి, "అమ్మ ఎలా అంటే అలా," అన్నాడు.

అందరం అత్తయ్యకేసి చూశాం. ఏదో ఒక వెటకారం అని లేచి లోపలికి పోతుందనుకున్నాను. నర్సమ్మ కూడా అదే అనుకున్నట్టుంది, చెప్పులు వేసుకోబోయింది.

"అమ్మాయ్," అంది అత్తయ్య. "నన్ను మళ్ళీ అడుగు."

"ఏమడగమంటారు?"

"మొన్న అడిగావు కదా. అన్నీ. మొదట్నుంచీ అడుగు."

నర్సమ్మకు అర్థం కాలేదు. అయినా అడిగింది. వయసు. అత్తయ్య ఆలోచించి, నేననుకున్నదానికంటే చాలా ఎక్కువ చెప్పింది. చదువు. పలక పట్టలేదంది. ఎక్కడినుంచి వచ్చారు. చెప్పింది. పిల్లల్ని ఎంతమందిని కన్నారు.

"ఇద్దర్ని."

గోడ దగ్గర మా ఆయన కదిలిన చప్పుడయింది.

"పెద్దది ఆడపిల్ల. తట్టు లేచింది. దాని నోట్లోకి మంచినీళ్ళు కూడా దిగలేదు. అప్పుడు మేముండే చోటికి ఒక్క పురుగూ రాలేదు. ఇంట్లో ఎంతమంది, ఎవరికేమైంది అని అడిగిన దిక్కు లేదు. ముందూ లేదు, తర్వాతా లేదు."

"అమ్మా," అన్నాడు మా ఆయన.

"నువ్వప్పటికి పుట్టలేదు," అంది అత్తయ్య అటు తిరక్కుండానే. "ఇంకా ఏం మిగిలాయి? అడుగు."

నర్సమ్మ చెప్పులు మళ్ళీ పక్కన పెట్టి అడిగింది. "ఇంట్లో ఎంతమంది ఉంటారు?"

"నలుగురం," అంది అత్తయ్య.

నేను లోపలికెళ్ళి చిన్నదాన్ని లేపాను.

అది ఏడ్చిన ఏడుపు వరసంతా వినబడింది. ఇన్నాళ్ళు దాచిన గొంతు ఒక్కసారే బయటపడింది. ఆ ఏడుపుకు రెండు తలుపులు తెరుచుకున్నాయి. వాచ్‌మన్ భార్య మిగతా నలుగుర్నీ తోసుకుంటూ వచ్చింది. అన్ని తలుపులూ తెరుచుకోలేదు. పెద్దక్క కిటికీలోంచి చూసి, మాకు వినబడేలా రెక్క మూసుకుంది. తర్వాత ఆమె మనవడికి తట్టు లేచింది. బతికి బయటపడ్డాడు గానీ నెలంతా మంచం దిగలేదు. ఆ తర్వాత కూడా ఆమె, "మావాడు సూది లేకుండానే గట్టెక్కాడు," అనే చెప్పుకుంది. వాచ్‌మన్ చిన్నకూతురు ఆసుపత్రినుంచి వచ్చింది. ఒకవైపు చెవి సరిగా వినబడదు. మనం పిలిస్తే ఒళ్ళంతా ఇటు తిప్పి చూస్తుంది.

టీకా వేసిన వారానికి మా చిన్నదానికి ఒళ్ళు కాలింది. పొట్టమీద నాలుగైదు ఎర్రటి చుక్కలు. ఆ రెండురోజులూ నేనూ అత్తయ్యా ఒకరినొకరం కొరకొరా చూసుకుంటూ గడిపాం.

"నువ్వే కదే పిల్లను తెచ్చి చేతుల్లో పెట్టావు."

"మీరే కదా అత్తయ్యా నలుగురమని చెప్పింది."

"నలుగురమంటే వేయించమని చెప్పినట్టా?"

మళ్ళీ ఇద్దరం కలిసి తడిగుడ్డ వేసేవాళ్ళం. జ్వరం తగ్గిన పొద్దున చిన్నది వసారాలోకి తనే నడిచి వెళ్ళి, పక్క గది ఖాళీ గుమ్మంలో నిలబడి లోపలికి చూసింది. వెనక్కి పిలవడానికి నోరు తెరిచి ఊరుకున్నాను.

మా ఆయన మారాడు. పనినుంచి వచ్చి తల్లి పక్కన కూర్చుంటాడు. ఒక్కోసారి, "ఎలా ఉండేది?" అని అడుగుతాడు. అత్తయ్య ఒక్కోసారి చెప్తుంది, ఒక్కోసారి కసురుతుంది. "నీ ముక్కే. చాలా?" అంటుంది. ఇప్పుడు చిన్నదాని విషయంలో ఏదడిగినా "అమ్మ ఎలా అంటే అలా" అనడం మానేశాడు. నన్నడుగుతున్నాడు. అది కొంచెం ఇబ్బందిగానే ఉంది, ఎందుకంటే నాకూ తెలియదు.

నాకు ఇప్పటికీ నమ్మకం పూర్తిగా కుదరలేదు. తర్వాతి టీకాకు పిలిస్తే వెళ్ళాను, సీసా చూపించమన్నాను, ఎక్కడినుంచి వచ్చిందని అడిగాను. అక్కడివాళ్ళు విసుక్కున్నారు. విసుక్కుంటే విసుక్కోనీ. వాళ్ళు నన్ను అడిగినప్పుడు నేనూ వాళ్ళను అడుగుతాను.

కానీ ఒక్క మాట. ఆ ఎండాకాలం అంతా గొడుగేసుకుని వచ్చినప్పుడల్లా నర్సమ్మ ఆ ఖాళీ గదిముందు ఆగి, "ఏమైనా తెలిసిందా?" అని అడిగేది. కొన్నాళ్ళకు ఆ గదిలోకి వేరేవాళ్ళు దిగారు. బల్ల చివర సీటులో కుడిచేతి మనిషి కూర్చుంది. మా వరసలో పుట్టి పెరిగినట్టు తిరిగిన ఆ పిల్లాడి సంగతి మేమెవరం ఎత్తడం లేదు. ఎత్తితే ఏం వినాల్సి వస్తుందోనని. ఆవిడ ఒక్కతే అడుగుతోంది.

అందుకే ఇది రాస్తున్నాను. హేచరీ పనిచేసినవాళ్ళు మళ్ళీ హేచరీకే వెళ్తారు, మాకు వేరే పని రాదు. మీ దగ్గర్లో ఎక్కడైనా కోడిపిల్లల హేచరీ ఉంటే, దాని వెనక మావిలాంటి గదులు తప్పకుండా ఉంటాయి. ఎడమచేత్తో సూది వేసే మనిషి కొత్తగా ఎవరైనా వచ్చిందా అని అడగండి. బాగా నవ్విస్తుంది, అదే గుర్తు. ఇప్పుడు నవ్విస్తోందో లేదో తెలియదు. మీరు వెళ్తే ముందు అనుమానంగానే చూస్తుంది, ఎవరు పంపారంటుంది. పక్క గది వదిన పంపిందని చెప్పండి. ఏమీ రాసుకోకండి. వెంటనే ఏమీ అడగకండి. మీ పిల్లల సంగతి ముందు మీరే చెప్పండి.

ఆ తర్వాత, బాబు ఎలా ఉన్నాడో ఒక్కసారి చూసి రండి.